పరికరాల నిర్వహణ సాఫ్ట్‌వేర్: పాడేరు మన్యంలోని సంస్థలకు ఎంపిక

ఒక సంస్థ వాడే కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు, ఫోన్లు అన్నిటినీ ఒకేచోట నమోదు చేసి, వాటికి పాస్‌వర్డ్ నిబంధనలు పెట్టి, కావలసిన యాప్‌లు వేసి, అప్‌డేట్లు నడిపి, పోయినప్పుడు దూరం నుంచే తాళం వేయడానికో డేటా చెరిపేయడానికో వీలు కల్పించేది పరికరాల నిర్వహణ సాఫ్ట్‌వేర్. ప్రధానంగా ఫోన్లను, ట్యాబ్‌లను చూసే దాన్ని ఎండీఎం అనీ, కంప్యూటర్లతో సహా అన్నిటినీ కలిపి చూసే దాన్ని యూఈఎం అనీ ఈ రంగంలో పిలుస్తారు. విండోస్, ఆండ్రాయిడ్, మ్యాక్, ఐఫోన్, లినక్స్ కలగలిసి ఉన్న సంస్థకు ఈ ఎంపిక కష్టం. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ తనను బయటివాళ్లు ఎంతవరకు అదుపు చేయవచ్చో తానే నిర్ణయిస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ గీత దాటలేదు.

పాడేరు వంటి చోట దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పరికరం రోజుల తరబడి సర్వర్‌కు అందుబాటులో ఉండదు. ఈ సాఫ్ట్‌వేర్ల ప్రచార పట్టికల్లో కనిపించే సదుపాయాల్లో సగం, పరికరం ఎప్పుడూ ఇంటర్నెట్‌లో ఉంటుందన్న నమ్మకం మీద నిలబడినవే. అందుకే ఈ వ్యాసం ఎంపికను సదుపాయాల సంఖ్యతో కాకుండా, సిగ్నల్ లేనప్పుడు పరికరం ఎలా ప్రవర్తిస్తుందన్న దానితో తూచి చూస్తుంది.

పాడేరులో పరికరాలు

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు జిల్లా కేంద్రమైంది. అంతకుముందు నుంచే ఇది సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కేంద్రం. అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ మొదలుకొని చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు దాకా 11 మండలాలకు ఇక్కడి నుంచే పని నడుస్తుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ, మిరియాలు, పసుపు, అటవీ ఉత్పత్తులు కొంటుంది. ఊళ్లలో నిత్యావసరాల డిపోలు నడుపుతుంది. వీటి పక్కన రైతుల సహకార సంఘాలు, ఉత్పత్తిదారుల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, వంజంగి, లంబసింగి పర్యాటకం మీద ఆధారపడిన చిన్న వసతి గృహాలు ఉన్నాయి.

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, అరకు పేరుతో ప్యారిస్‌లో కాఫీ దుకాణం తెరుచుకుంది. కొండ మీద కోసిన పండుకు అంత దూరపు మార్కెట్ దొరకాలంటే దాని వెంట లెక్క కూడా వెళ్లాలి. ఏ రైతు, ఏ తోట, ఎన్ని కిలోలు, ఏ రోజు అన్నది తెలియాలి. సేంద్రియ ధ్రువీకరణకు తోటవారీ వివరాలు తప్పనిసరి. అడవులు కొట్టి పండించిన సరుకును అడ్డుకునేందుకు ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం, కాఫీ పండిన భూమి భౌగోళిక స్థానాన్ని కూడా అడుగుతుంది. ఈ వివరాలన్నీ ఎక్కేది క్షేత్ర సిబ్బంది చేతిలోని ఫోన్లలోకే. ఫోను పోతే పోయేది పరికరం ఒక్కటే కాదు. వందలాది గిరిజన రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు, పొలాల హద్దులు కూడా పోతాయి. మన్యంలో ఈ సాఫ్ట్‌వేర్ గురించి పట్టించుకోవాల్సిన అసలు కారణం ఇదే.

ఇలాంటి సంస్థలో పరికరాల పోగు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఆఫీసులో ట్యాలీ, ఎక్సెల్ నడిచే విండోస్ కంప్యూటర్లు రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి విండోస్ 10 మీదే ఆగిపోయి ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. క్షేత్ర సిబ్బంది దగ్గర సొంత ఆండ్రాయిడ్ ఫోన్లు, ప్రాజెక్టు కింద వచ్చిన ట్యాబ్‌లు. విదేశీ కొనుగోలుదారులతో మాట్లాడే వ్యక్తికో, డిజైన్ చేసే వ్యక్తికో ఒక మ్యాక్‌బుక్, ఐఫోన్. లైసెన్స్ ఖర్చు లేకుండా ఉబుంటు వేసుకున్న పాత యంత్రం ఒకటి. వీటన్నిటికీ ఒకే జాబితా ఉండదు. పరికరం ఎవరి దగ్గర ఉందో, సీరియల్ నంబరేమిటో, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందో లేదో రాసుకున్న కాగితం ఉన్న సంస్థ, ఇంకా ఏ సాఫ్ట్‌వేరూ కొనకముందే సగం దూరం నడిచినట్టు.

ట్యాబ్‌ల అనుభవం

పరికరాల నిర్వహణ పెద్ద ఎత్తున ఈ కొండలకు వచ్చింది ప్రభుత్వ బడుల ద్వారా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అదే తేదీన 4,34,185 ట్యాబ్‌ల రెండో విడత పంపిణీని అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలోనే ప్రారంభించింది. పాఠాలు ముందే వేసి, పిల్లలు పాఠ్యేతర సైట్లకు వెళ్లకుండా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో బిగించి ఇచ్చారు. పాఠాలు ట్యాబ్‌లోనే ఉండటం వల్ల సిగ్నల్ లేని ఊళ్లో కూడా చదువుకునే వీలుంది. మన్యానికి తగిన ఆలోచన అది.

ఆ తర్వాత చాలాచోట్ల పిల్లలు ఆ తాళాలు తీయించుకుని ఆటలు ఆడుతున్నారన్న వార్తలు వచ్చాయి. ఆండ్రాయిడ్ పరికరాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసినా తిరిగి నిర్వహణలోకే వచ్చేలా కట్టడి చేయవచ్చు. అందుకు ఆ పరికరం గుర్తింపు నంబరు, మామూలుగా అమ్మకపు దశలోనే, సంస్థ ఖాతాకు జతపడాలి. గూగుల్ జీరో టచ్, సామ్‌సంగ్ నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్ ఈ పని చేస్తాయి. సంతలోనో చిన్న దుకాణంలోనో కొన్న ఫోనుకు సాధారణంగా ఈ రక్షణ దానంతట రాదు. కొనేటప్పుడే అడగాలి.

ఇంకో పాఠం కాలానికి సంబంధించింది. ట్యాబ్‌లలో పాఠాలు అందించిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పరికరం ఆయుష్షు, యాప్ ఇచ్చిన కంపెనీ ఆయుష్షు, నిర్వహణ లైసెన్స్ గడువు మూడూ వేర్వేరు. లైసెన్స్ ముగిశాక పరికరాన్ని విడిపించే దారేమిటో ఒప్పందంలో లేకపోతే, ఆ పరికరం ఎవరి చేతిలోనైనా తాళం పడిన పలకగా మిగిలే ప్రమాదం ఉంది.

ఏ సిస్టమ్ ఎంత లొంగుతుంది

ఈ రంగం ఆఫీసు కంప్యూటర్లతో మొదలైంది. 1994లో మైక్రోసాఫ్ట్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్‌ను, 2000లో యాక్టివ్ డైరెక్టరీని, గ్రూప్ పాలసీని తెచ్చింది. ఆ పద్ధతికి అన్ని యంత్రాలూ ఒకే భవనంలో, ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఫోన్లు వచ్చాక ఆ ఊహ చెల్లలేదు. బ్లాక్‌బెర్రీ సర్వర్ 1999లోనే దారి చూపింది. 2010లో ఆపిల్ ఐఓఎస్ 4తో పాటు ఎండీఎం పద్ధతిని ప్రకటించింది. మరుసటి ఏడాది అది మ్యాక్‌లకూ వచ్చింది. 2011లో మొదలైన విండోస్ ఇంట్యూన్ తర్వాత మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్‌గా పేరు మార్చుకుంది.

ఆండ్రాయిడ్ దారి కాస్త వంకర. 2010లో వచ్చిన పాత డివైస్ అడ్మిన్ విధానం బలహీనమైనది. గూగుల్ దాన్ని క్రమంగా పక్కన పెట్టి, 2015 నుంచి ఇప్పుడు ఆండ్రాయిడ్ ఎంటర్‌ప్రైజ్ అంటున్న విధానాన్ని పెంచుతూ వచ్చింది. ఇందులో మూడు తీరులు తెలుసుకుంటే చాలు. సిబ్బంది సొంత ఫోను అయితే వర్క్ ప్రొఫైల్ పెడతారు: సంస్థ యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో వేరుగా ఉంటాయి, ఇంటి ఫొటోలు, వాట్సాప్ సంస్థకు కనిపించవు, ఉద్యోగం మానేస్తే ఆ భాగం ఒక్కటే చెరిపేయవచ్చు. సంస్థ కొన్న ఫోను అయితే పూర్తి నిర్వహణ. సేకరణ కేంద్రంలో తూకం లెక్క రాసే ఒక్క యాప్ మాత్రమే తెరుచుకునే ట్యాబ్ అయితే కియోస్క్ తీరు. తక్కువ ర్యామ్ ఉన్న చవక ఫోన్లలో వర్క్ ప్రొఫైల్ కుదరకపోవచ్చు. గూగుల్ ప్లే ధ్రువీకరణ లేని ట్యాబ్‌లలో ఈ విధానమే పనిచేయదు. కొనే ముందు ఒక్క నమూనా తెప్పించి చూడటం తప్ప వేరే దారి లేదు.

పూర్తి నిర్వహణలోకి ఫోను చేర్చే పని చూడటానికి చాలా సులభం. కొత్తగా తెరిచిన లేదా రీసెట్ చేసిన ఫోనులో మొదటి స్వాగత తెర మీద ఒకే చోట ఆరుసార్లు తట్టాలి. కెమెరా తెరుచుకుంటుంది. నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను నడిపే తెర, అంటే కన్సోల్‌లో కనిపించే క్యూఆర్ కోడ్ చూపాలి. ఆ కోడ్‌లోనే వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా పెట్టవచ్చు. ఆ తర్వాత ఫోను నిర్వహణ యాప్‌ను, సంస్థ యాప్‌లను దింపుకుంటుంది. ఈ దింపుకునే దశే పాడేరులో మొండికేసేది. ఇరవై ఫోన్లు ఒక్కసారే ఒకే వైఫైకి తగిలించి వదిలేస్తే సాయంత్రానికి సగం మధ్యలో ఆగి ఉంటాయి. నాలుగైదు చొప్పున చేర్చడం, ఆ రోజుకు మంచి లైను ఉన్న చోటికి, అవసరమైతే విశాఖకే, పరికరాలు తీసుకెళ్లి చేయించి తేవడం మేలు.

ఆపిల్ పరికరాల విషయంలో గుర్తు పెట్టుకోవాల్సిన చిన్న విషయం ఒకటుంది, కానీ దాని దెబ్బ పెద్దది. నిర్వహణ సర్వర్‌కు ఆపిల్ ఇచ్చే పుష్ సర్టిఫికెట్‌ను ఏడాదికోసారి, తీసుకున్న అదే ఆపిల్ ఖాతాతో, పునరుద్ధరించాలి. ఆ ఖాతా మానేసి వెళ్లిన ఉద్యోగి సొంత ఈమెయిల్ మీద ఉంటే, ఆ పరికరాలన్నీ తిరిగి మొదటి నుంచి చేర్చుకోవాల్సి రావచ్చు. సంస్థ పేరిట ఉన్న మెయిల్‌తోనే ఖాతా తెరవాలి.

విండోస్‌లో ఎడిషన్ చూడాలి. షాపులో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది హోమ్ ఎడిషన్. అది డొమైన్‌లో చేరదు, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ పూర్తి నిర్వహణ దానిలో లేదు. ప్రోకు మారే ఖర్చును సాఫ్ట్‌వేర్ ఖర్చుతో కలిపే లెక్కించాలి. లినక్స్‌కు ఆపిల్, గూగుల్‌ల మాదిరిగా అందరూ పాటించే ఒకే నిర్వహణ పద్ధతి లేదు. యంత్రంలో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేయాలి, లేదా యాన్సిబుల్ వంటి పనిముట్టుతో ఆదేశాలు పంపాలి. కన్సోల్‌లో లినక్స్ పేరు ఉన్నంత మాత్రాన మిగతావాటికి చేసినవన్నీ దానికీ చేస్తుందనుకోకూడదు. చాలా ఉత్పత్తులు అక్కడ జాబితా, ప్యాచ్‌ల దగ్గరే ఆగుతాయి. కీప్యాడ్ ఫోన్లు ఈ చిత్రంలోకే రావు.

సిగ్నల్ లేనప్పుడు

2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 ఈ జిల్లాలోవే. పరిస్థితి మెరుగైంది. అయినా లోయల్లో, గాలివానకు కరెంటు పోయిన రోజుల్లో టవర్ ఉన్న ఊళ్లోనూ సిగ్నల్ ఉండదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ పనితీరు అర్థం చేసుకోవాలి.

కన్సోల్‌లో డేటా చెరిపే బటన్ నొక్కితే ఆ ఆదేశం నేరుగా ఫోనుకు చేరదు. సర్వర్ ముందుగా గూగుల్ లేదా ఆపిల్ సందేశ సేవ ద్వారా ఫోనును లేపుతుంది; లేచిన ఫోను సర్వర్‌ను అడిగి ఆదేశం తీసుకుంటుంది. ఫోనుకు నెట్ లేకపోతే ఆదేశం వరుసలో ఎదురుచూస్తుంది. ముంచింగిపుట్టు దారిలో జీపులో జారిపడిన ఫోనును, దొరికినవాడు సిమ్ తీసేసి పెట్టుకుంటే, ఆ ఆదేశం ఎప్పటికీ చేరకపోవచ్చు. కాబట్టి దూరం నుంచి చెరపడం ఇక్కడ రెండో రక్షణే. మొదటి రక్షణ ఫోనులోనే ఉండాలి. ఆరు అంకెల పిన్, ఎన్‌క్రిప్షన్, కొద్దిసేపట్లో తనంతట పడే తాళం, పెట్టిన లెక్క మించి తప్పు పిన్ కొడితే డేటా దానంతట చెరిగిపోయే ఏర్పాటు. ఒకసారి చేరిన పాలసీలు నెట్ లేకున్నా పరికరంలోనే అమలవుతాయి. ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఏయే నిబంధనలు పరికరంలోనే నిలుస్తాయి, ఏవి సర్వర్ మాట కోసం చూస్తాయి?

ఆపిల్ 2021లో ప్రకటించిన డిక్లరేటివ్ విధానం ఈ దిశగానే నడిచింది. కావలసిన స్థితిని పరికరానికి ముందే చెప్పి ఉంచితే, అది తనను తాను సరిచూసుకుని, మార్పు వచ్చినప్పుడు తానే సర్వర్‌కు తెలుపుతుంది. ఆపిల్ పరికరాలు ఉన్న సంస్థ, తాను ఎంచుకునే ఉత్పత్తి ఈ విధానాన్ని వాడుతోందో లేదో అడగాలి.

గడువుల సెట్టింగు కూడా చూడాలి. కొంతకాలం సర్వర్‌ను కలవని పరికరాన్ని చాలా ఉత్పత్తులు నిబంధన తప్పినదిగా ముద్ర వేసి మెయిల్, ఫైళ్లు ఆపేస్తాయి. ఇంట్యూన్‌లో మామూలుగా ఆ గడువు 30 రోజులు. కొందరు జాగ్రత్త పేరిట దాన్ని మూడు, నాలుగు రోజులకు కుదిస్తారు. హైదరాబాద్ ఆఫీసుకు అది సరిపోవచ్చు. కాఫీ కోతల్లో వారం రోజులు ఊళ్లలోనే ఉండే సూపర్‌వైజర్‌కు మాత్రం అది పని ఆపే నిబంధన.

అప్‌డేట్ల బరువు మరో బాధ. పది విండోస్ యంత్రాలు ఒకే ప్యాచ్‌ను విడివిడిగా దింపుకుంటే ఆఫీసు లైను ఆ రోజుకు చచ్చినట్టే. విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ ఒక యంత్రం దింపుకున్నది పక్క యంత్రాలతో పంచుకోనిస్తుంది. మ్యాక్‌లోని కంటెంట్ క్యాషింగ్ ఆపిల్ పరికరాలకు అదే సేవ చేస్తుంది. ఇవి ఉచితం, ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవడమే మరిచిపోతారు.

ఉత్పత్తులు, ఖర్చు

అన్ని సిస్టమ్‌లనూ ఒకే కన్సోల్‌లో చూపే ఉత్పత్తుల్లో భారతీయ కంపెనీలవి గట్టివే ఉన్నాయి. చెన్నైకి చెందిన జోహో విభాగం మేనేజ్‌ఇంజిన్ తయారుచేసే ఎండ్‌పాయింట్ సెంట్రల్ విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్లను కలిపి చూస్తుంది. 25 పరికరాల దాకా ఉచిత ఎడిషన్ ఉంది. సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, క్లౌడ్‌లోనూ తీసుకోవచ్చు. బెంగళూరు కంపెనీ 42గేర్స్ వారి ష్యూర్‌ఎండీఎం, పుణెలో పుట్టిన స్కేల్‌ఫ్యూజన్ కియోస్క్ ట్యాబ్‌లలో పేరు తెచ్చుకున్నాయి. కేరళ మూలాలున్న హెక్స్‌నోడ్ కూడా ఈ వరుసలోదే. ఆపిల్ పరికరాలే ఎక్కువైతే జామ్ఫ్ లోతుగా పనిచేస్తుంది కానీ, ఒక్క మ్యాక్‌బుక్ కోసం దాన్ని తెచ్చుకోవడం దండగ. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం చందా ఉన్న సంస్థకు ఇంట్యూన్ అందులోనే కలిసి వస్తుంది. ఆ చందా 300 మంది వరకే. చాలామంది దాన్ని కడుతూనే మరో సాఫ్ట్‌వేర్ కొంటారు. ముందు చేతిలో ఉన్నది చూసుకోవాలి.

ఓపెన్ సోర్స్‌లో ఆండ్రాయిడ్‌కు హెడ్‌విండ్, కంప్యూటర్లకు ఫ్లీట్ ఉన్నాయి. లైసెన్స్ రుసుము మిగులుతుంది కానీ సర్వర్, బ్యాకప్, భద్రతా ప్యాచ్‌లు చూసే మనిషి కావాలి. పాడేరులో ఆ నైపుణ్యం ఉన్న యువకుడు ఏడాదిలో విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోతే, ఉచితంగా వచ్చినదే అన్నిటికన్నా ఖరీదు అవుతుంది. ముప్పై పరికరాల సంస్థకు ఓపెన్ సోర్స్ సొంత సర్వర్‌ను నేను సిఫారసు చేయను.

లైసెన్స్ మనిషి లెక్కనా, పరికరం లెక్కనా అన్నది కాఫీ సంస్థలకు ముఖ్యం. కోతల కాలంలో తాత్కాలిక సిబ్బంది పెరుగుతారు. ఒకే ట్యాబ్‌ను ముగ్గురు మార్చి మార్చి వాడతారు. అలాంటప్పుడు పరికరం లెక్క చవక. ఒక్కొక్కరికి ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ఉన్న ఆఫీసుకు మనిషి లెక్క చవక. ఏడాది మొత్తానికి కాక నెలనెలా లైసెన్స్ పెంచుకుని తగ్గించుకునే వీలుందా అని కూడా అడగాలి.

కాపలా సాఫ్ట్‌వేర్‌కే కాపలా

అన్ని పరికరాల మీదా అధికారం ఉన్న కన్సోల్ దొంగకు అన్నిటికన్నా ఇష్టమైన తలుపు. 2021 జూలైలో కసేయా వీఎస్‌ఏ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ లోపం ద్వారానే ఎన్నో చిన్న వ్యాపారాల యంత్రాలకు రాన్సమ్‌వేర్ పాకింది. 2023 జూలైలో నార్వే ప్రభుత్వంలో 12 మంత్రిత్వ శాఖలు వాడే వేదికలోకి చొరబడింది ఇవాంటి ఫోన్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్ లోపం గుండానే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా ఏజెంట్‌కు వచ్చిన ఒక్క తప్పు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. అందులో దాడి ఏమీ లేదు. అడ్మిన్ లాగిన్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి, ఇద్దరికి మించి పూర్తి అధికారం ఇవ్వకూడదు, ఏ మార్పైనా ముందు రెండు మూడు పరికరాల మీద ప్రయోగించాలి. కొండ మీద ఆగిపోయిన యంత్రాన్ని బాగుచేయడానికి మనిషి ఘాట్ రోడ్డు ఎక్కి రావాలి కాబట్టి ఈ చివరి మాట ఇక్కడ మరింత వర్తిస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలపాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు రూ. 250 కోట్ల దాకా జరిమానా విధించవచ్చంటుంది. రైతు ఖాతా వివరాలు మోసే ఫోను ఈ చట్టం పరిధిలోదే.

సిబ్బంది సొంత ఫోన్ల విషయంలో చట్టం కన్నా ముందు మర్యాద ఉండాలి. పూర్తి నిర్వహణలో సంస్థ ఫోను ఎక్కడుందో కూడా చూడగలదు. సొంత డబ్బుతో, కిస్తుల మీద ఫోను కొనుక్కున్న ఊరి కుర్రాడి ఫోనుకు అది పెట్టడం అన్యాయం. వర్క్ ప్రొఫైల్ చాలు. సంస్థ ఏమి చూడగలదో, ఏమి చూడలేదో తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, అప్పుడే ఒప్పుకోలు సంతకం తీసుకోవాలి. తెలుగు కన్నా ఆదివాసీ ఒరియా, కువి బాగా వచ్చినవారికి నోటితో వాళ్ల భాషలో చెప్పించాలి.

ఎంపిక ఎలా తేల్చాలి

పాతిక పరికరాల లోపు సంస్థకు ఉచిత ఎడిషన్‌తో మొదలుపెట్టడం సరైన నిర్ణయం. అంతకు మించితే ఇద్దరు ముగ్గురు అమ్మకందారులను పిలిచి, మామూలుగా దొరికే ఉచిత ప్రయోగ కాలంలో ఒక ఆండ్రాయిడ్ ఫోను, ఒక విండోస్ ల్యాప్‌టాప్, ఒక మ్యాక్, ఒక ఉబుంటు యంత్రం చేర్చి చూడాలి. ఆ ఫోనును పెదబయలు అవతల సిగ్నల్ లేని ఊళ్లో నాలుగు రోజులు ఉంచాలి. ఆ రోజుల్లో తూకం యాప్ పనిచేసిందా, పిన్ నిబంధన నిలిచిందా, తిరిగి వచ్చాక ఎదురుచూస్తున్న ఆదేశాలు తీసుకుందా, డేటా ఖర్చు ఎంతైందన్నది రాసుకోవాలి. ఈ పరీక్ష విశాఖ ఆఫీసు వైఫైలో చేస్తే లెక్కలోకి రాదు. ఆ నాలుగు రోజులు నెగ్గని సాఫ్ట్‌వేర్, ధర ఎంత తక్కువైనా, పాడేరుకు పనికిరాదు.